పైడమ్మ పెరట్లో అక్షింతల పురుగులు

అది 1931. రబ్బరు ధర నేలకు దిగిపోయి, మలయాలోని సుంగై పెటాని చుట్టుపక్కల రబ్బరు ఎస్టేట్లలో వారానికి సగం రోజులే పని దొరుకుతున్న కాలం. చాలా కుటుంబాలను ఓడలెక్కించి ఇండియాకు పంపేశారు. మిగిలినవాళ్ళకు లైను ఇళ్ళ వెనక తలా కాస్త నేల చూపించి, కూరగాయలు పండించుకోండి అన్నారు. లైను ఇళ్ళంటే ఒకే కప్పు కింద వరసగా కట్టిన కూలీల గదులు. ముందు చిన్న అరుగు, వెనక కాలువ, కాలువ దాటితే ఈ కొత్త తోటలు.

నేను అప్పుడు వ్యవసాయ శాఖలో ఫీల్డ్ అసిస్టెంటును. మా పై అధికారి ఎంటమాలజిస్టు, అంటే పురుగుల శాస్త్రం చదువుకున్న దొర. ఆయన బల్ల దగ్గర కూర్చుని పురుగులకు లాటిన్ పేర్లు వెతికేవాడు. ఎండలో వానలో తిరిగి వాటిని పట్టి తెచ్చే పని నాది. చొక్కా జేబులో హ్యాండ్ లెన్స్, అంటే మడిచి పెట్టుకొనే చిన్న భూతద్దం, భుజాన గాజు గొట్టాల సంచి, ఇదీ నా వేషం. తమిళులు నన్ను ‘పూచ్చి అయ్యా’ అనేవారు, తెలుగువాళ్ళు ‘పురుగుల బాబు’ అనేవారు. రెండింటికీ పలికేవాణ్ణి. పెళ్ళి సంబంధాలవాళ్ళు మాత్రం నా ఉద్యోగం ఏమిటో తెలిశాక ఇంకో ప్రశ్న అడిగేవారు కాదు.

ఈ ఉద్యోగం నాకు దొరకడం అదృష్టమనే ఇప్పటికీ అంటాను. ఒక ఆకు తిప్పి కిందివైపు చూస్తే అక్కడ ఒక ఊరు ఉంటుంది. పుట్టేవాళ్ళు, తినేవాళ్ళు, కాపు కాసేవాళ్ళు, దొంగలు. దాన్ని మొదటిసారి లెన్స్‌లోంచి చూసిన రోజు నాకు అన్నం సయించలేదు, ఆకలి లేక కాదు, చూసింది చెప్పుకోవడానికి మనిషి దొరక్క. ఇన్నేళ్ళ ఉద్యోగంలో అలాంటి ఆశ్చర్యం నాకు చాలాసార్లు కలిగింది. అయితే అన్నిటికంటే పెద్ద ఆశ్చర్యం పురుగుల వల్ల కలగలేదు. ఒక ముసలామె వల్ల కలిగింది. ఆ కథే ఇది.

ఒకనాడు ఆ ఎస్టేట్ మేనేజరు దొర నన్ను ఆఫీసుకు పిలిపించాడు. మనిషి చెడ్డవాడు కాదు, కాని ధరలు పడినప్పటినుంచి అతనికి ఓపిక కూడా పడిపోయింది. “మీ తెలుగు ముసలమ్మ ఒకతె తోటలో పురుగులు పెంచుతోంది. చంపనివ్వదు, చంపదు. పక్క తోటలవాళ్ళు రోజూ వచ్చి నా ప్రాణం తీస్తున్నారు. ఏదో ఒకటి చెయ్యి. లేకపోతే ఆ నేల మొత్తం తవ్వించి పారేస్తాను” అన్నాడు.

పురుగులు పెంచడమేమిటి అనుకుంటూ వెళ్ళాను. వెళ్ళి చూస్తే అతను చెప్పింది తక్కువే. వంగ మొక్కల ఆకులన్నీ జల్లెడలైపోయాయి. కాకర పందిరి మీద ఆకులు ఈనెలు మాత్రం మిగిలి, ఎండకు గోధుమరంగు తిరిగి వేలాడుతున్నాయి. ఏ ఆకు ముట్టుకున్నా గుండ్రటి పురుగులు, మాసిన రాగి రంగు వీపు, దాని మీద నల్లటి చుక్కలు. పందిరి చివర కర్రలకు పాకిన బొబ్బర తీగ ఒక్కటే పచ్చగా ఉంది.

నేను ఒక పురుగును పట్టుకోబోయాను. వెనకనుంచి కేక వినిపించింది.

“ఎవులు బాబూ అక్కడ? ఆటిని ముట్టకండి!”

అలా పరిచయమైంది పైడమ్మ. విజయనగరం దగ్గరి పల్లెనుంచి మొగుడి వెంట వచ్చి, మొగుణ్ణి ఈ మట్టికే ఇచ్చి, కొడుకును ఈ చెట్ల కిందే పెంచిన మనిషి. ఇప్పుడు చెట్టు గీసి రబ్బరు పాలు తీసే పనికి కళ్ళు ఆనక ఇంటి దగ్గరే ఉంటోంది. కొడుకు నూకరాజు రబ్బరు చెట్లు గీస్తాడు. కోడలు గౌరి కడుపుతో ఉంది. ఆ పిల్ల వెనక గుమ్మంలో కూర్చుని ఉంది. ముఖంలో రక్తం లేదు, పెదవులు తెల్లగా పాలిపోయాయి.

“పెద్దమ్మా, ఇవి మీ తోట తినేస్తున్నాయి. చూడండి ఈ ఆకు” అన్నాను.

“తిననీ బాబూ. అచ్చింతల పురుగులవి. ఎవులైనా అచ్చింతల్ని కాలితో తొక్కుతారేటి?”

నాకు అప్పుడు అర్థమైంది. మన వైపు చుక్కలున్న ఈ గుండ్రటి పురుగుల్ని అక్షింతల పురుగులంటారు. మా అమ్మ కూడా అదే మాట అనేది. పొలంలో అవి కనిపిస్తే మంచిదని, చంపకూడదని పైడమ్మకు వాళ్ళ అత్త చెప్పింది. ఆ అత్తకు వాళ్ళ అత్త చెప్పి ఉంటుంది. దాని ముందు వ్యవసాయ శాఖ ఏపాటిది?

నేను నవ్వేసి ఒప్పించవచ్చనుకున్నాను. ఆమె నవ్వలేదు. నన్ను పక్కకు పిలిచి, కోడలికి వినపడకుండా గొంతు తగ్గించి చెప్పింది.

“ఈ గుంటకి ఇది మూడో కానుపు బాబూ. మొదటిది నిలవనేదు. రెండోసారి నెలలు నిండినాయి. అప్పుడు కూడా ఈ పురుగులు వొచ్చినాయి, గుమ్మం కాడ రెండు వొంగ మొక్కలుండేవి, ఆటి మీద. నా కొడుకు ఏటి సేసినాడో తెలుసా? మొక్కల్ని పీకి పురుగులతో సహా కాల్చీసినాడు. నాను వొద్దురా వొద్దురా అన్నాను, ఇననేదు. ఆ వారమే బిడ్డ పుట్టి ఏడవకుండానే పోనాది. ఇప్పుడు మళ్ళీ వొచ్చినాయి. దీవించడానికి వొచ్చినోళ్ళని మళ్ళీ సంపుతానేటి నాను?”

రెండింటికీ సంబంధం లేదని చెప్పడం తేలిక. బిడ్డను చేతుల్లోకి తీసుకున్నది ఆమె, నేను కాదు.

సాయంత్రం నూకరాజు పని దిగి వచ్చాడు. పెద్ద ఒళ్ళు, చిన్న గొంతు. “డ్రెస్సరు సెప్పినాడు బాబూ, గౌరికి రగతం నేదంట” అన్నాడు. డ్రెస్సరంటే ఎస్టేట్ ఆసుపత్రిలో మందులిచ్చే ఉద్యోగి. “ఆకుకూర పెట్టు, కాయగూర పెట్టు, నేకపోతే కానుపులో తట్టుకోనేదు అన్నాడు. కొందామంటే ఈ జీతానికి ఎక్కడ కొంతాం? ఈ తోటే మాకు దిక్కు.”

“మరి మీ అమ్మకు చెప్పలేవా?”

అతను నేలకేసి చూశాడు. “ఒకసారి నా మాట నెగ్గింది గదా బాబూ. మళ్ళీ అలగే అయితే?”

ఇదీ చిక్కు. పురుగుల్ని చంపితే గౌరి కడుపుకు కీడని అత్త భయం. చంపకపోతే గౌరికి తిండి లేదు. రెండు దారులూ ఆ పిల్ల మీదికే వెళుతున్నాయి, ఆ పిల్ల గుమ్మంలో కూర్చుని బియ్యం ఏరుకుంటోంది. ఎవరూ ఆమెను ఏమీ అడగలేదు. నేనూ అడగలేదు.

మర్నాడు పొద్దున్నే లెన్స్ తీసుకుని వెళ్ళాను. నా లెన్స్ మీద నాకు గట్టి నమ్మకం. చూపించి ఒప్పించలేనిది లోకంలో లేదనుకొనే వయసు. ఒక వంగ ఆకు తిప్పి, కిందివైపు పెట్టిన గుడ్లను పైడమ్మకు చూపించాను. “చూడండి పెద్దమ్మా. ఇన్ని గుడ్లు. ఇవన్నీ పిల్లలైతే మీ తోట గతి ఏమిటి?”

ఆమె లెన్స్‌ను కంటికి ఆనించుకుని చాలాసేపు చూసింది. నా చేతిలో ఆకు వణికింది, ఆమె శ్వాస తగిలి. తరవాత ఆమె లెన్స్ దించి, ఆకుకు రెండు చేతులూ జోడించింది.

“అమ్మ తల్లో! పసుపు కలిపిన బియ్యమే గదా ఇయి!”

నేను మళ్ళీ చూశాను. నిజమే. ఇన్నాళ్ళూ వందలసార్లు చూశాను, నా కంటికి అవి గుడ్లే. ఆమె చెప్పాక చూస్తే పసుపు పట్టించిన సన్నటి బియ్యపు గింజలు, ఎవరో శ్రద్ధగా నిలబెట్టి పేర్చినట్టు గుంపుగా ఉన్నాయి. ఒప్పించడానికి వెళ్ళి ఆమె చేతికి సాక్ష్యం అందించాను. అది చాలదన్నట్టు ఒక పురుగును వేళ్ళతో పట్టుకుంటే, దాని అలవాటు ప్రకారం కాళ్ళ దగ్గరనుంచి పసుపుపచ్చటి చుక్క వదిలింది. శత్రువును బెదిరించడానికి వదిలే చేదు ద్రవం అది. పైడమ్మ నా వేలు చూసి, “పసుపు కూడా పెట్టింది బాబూ నీకు” అంది, నా అదృష్టానికి సంతోషిస్తూ.

నాకు చిరాకెత్తింది. ఇక్కడ పెట్టే ప్రతి అడుగూ వెనక్కే పడుతోంది. గుమ్మంలో గౌరి చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది, నవ్విందో మరేమిటో తెలియలేదు. నేను చిరాకును దాచుకోవడానికి తోట చివరికి నడిచి బొబ్బర తీగ దగ్గర నిలబడ్డాను.

అక్కడ చూశాను. బొబ్బర తీగ లేత చివర్లకు నల్లటి పేను పట్టి ఉంది. దాన్ని మేము ఆఫిడ్ అంటాం, మొక్క రసం పీల్చే చిన్న జాతి. ఆ పేను మధ్య గుండ్రటి చుక్కల పురుగులు తిరుగుతున్నాయి. కాని ఇవి వేరు. వీటి వీపు నూనె రాసినట్టు మెరుస్తోంది, ఎరుపు మీద నల్లటి చుక్కలు, వంకర గీతలు. ఇవి ఆకు ముట్టవు. ఆఫిడ్‌ను పట్టి తింటాయి. పంటకు కాపు కాసే పురుగులివి. వంగ మీదున్నవి వీటి దాయాదులు. ఆకారం ఒకటే, ఇంటిపేరు ఒకటే, కాని వాటి వీపు మాసి, సన్నటి నూగుతో ఉంటుంది, వాటి తిండి ఆకు. ఒకరు కావలివాడు, ఒకరు దొంగ. వీటికి శాస్త్రంలో వేరు వేరు పేర్లున్నాయి. మన భాషలో మాత్రం రెండూ అక్షింతల పురుగులే.

పైడమ్మ అత్త చెప్పింది తప్పు కాదు. ఆ ఊళ్ళో, ఆ పొలంలో, ఆవిడ ఏ పురుగును చూసి చంపకు అందో ఆ పురుగు నిజంగానే పంటకు దీవెన. ఆ మాట మాత్రం ఓడెక్కి సముద్రం దాటింది, పురుగును వెంట తెచ్చుకోలేదు. ఇక్కడికొచ్చి కనిపించిన చుక్కల పురుగు మీదల్లా వాలింది. ఎన్ని తరాలు చూసి చూసి చెప్పిన మాట అది! నేను దాన్ని మూఢనమ్మకం అనబోయాను.

కాని ఇది చెబితే ఆమె నమ్మాలి గదా. ఈసారి నోరు కట్టుకున్నాను. లైన్ల దగ్గరి చీనా కొట్లో రెండు ఖాళీ గాజు సీసాలు అడిగి తెచ్చాను. ఒకదాంట్లో వంగ ఆకు, దాని మీది గుడ్లు. రెండోదాంట్లో బొబ్బర చివరలు, వాటి మీది గుడ్లు. ఇవీ పసుపు బియ్యంలాగే ఉంటాయి. రెండింటి మూతికీ పలచటి గుడ్డ కట్టాను.

“పెద్దమ్మా, నేనేమీ చంపను, మిమ్మల్ని చంపమనను. ఈ రెండు సీసాలూ ఇంట్లో పెట్టుకోండి. రోజూ తాజా ఆకు ఒకదాంట్లో, పేను పట్టిన బొబ్బర చివర ఇంకోదాంట్లో వెయ్యండి. చూడండి, అంతే.”

“సూడ్డానికేటి, సూత్తాను” అంది ఆమె. లెన్స్ కూడా అక్కడే వదిలేశాను. శాఖవారి సొత్తు అది, పోతే నా జీతంలోంచి కోత. అయినా వదిలేశాను.

మేనేజరు దగ్గరికి వెళ్ళి కొంత గడువు అడిగాను. “పురుగుల్ని చంపడానికి గడువా?” అన్నాడు. “కాదండి, ముసలామెను ఒప్పించడానికి” అన్నాను. అతను నన్ను ఎగాదిగా చూసి, సరే పొమ్మన్నాడు. అతనికీ ఇంట్లో తల్లి ఉండి ఉంటుంది.

మళ్ళీ వెళ్ళేసరికి పైడమ్మ అరుగు మీద జాతర జరుగుతోంది. పక్క లైను తమిళ ఆడవాళ్ళు, కాలువ అవతలి తెలుగువాళ్ళు, అందరూ వంతుకోసం తోసుకుంటున్నారు. మధ్యలో పైడమ్మ, చేతిలో నా లెన్స్. నన్ను చూడగానే “రా బాబూ రా, ఎంతసేపటికీ రావేటి?” అని, నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

“ఇది సూడు, వొంగాకు సీసాలోది. ఇది పుట్టినప్పుడు ఒంటి నిండా ముళ్ళు, రేగుముళ్ళలాగ. ఆకు కిందికి ఎల్లి, ఒక వార నుంచి మొదలెట్టి, వరసగా గీకుతాది బాబూ. మనోళ్ళు సెట్టు గీసినట్టే, ఒక గీత, దాని పక్కన ఇంకో గీత. తోలు పైనుంటాది, కండంతా పోతాది. మరి ఇది సూడు. ఇది నల్లగా పొడుగ్గా మొసలి పిల్లలాగుంటాది. ఆకుని వాసనైనా సూడదు. పేను కనబడితే పట్టుకుని ఎత్తీసి, కాళ్ళు కొట్టుకుంతన్నా ఒదలదు. రసం పీల్చీసి తొక్క పారేస్తాది. దీని కడుపేటో నాకు తెల్దు బాబూ, ఇంత గుంట, అంత తిండి!”

నేను చూశాను. పురుగు పిల్ల దశను మేము లార్వా అంటాం. ఆ నల్ల లార్వా ఒక ఆఫిడ్‌ను గాలిలోకి ఎత్తి పట్టుకుని ఉంది. ఇది నేను ఎన్నోసార్లు చూసినదే. కాని ఆ రోజు నా పక్కన ఆ ముసలి కళ్ళు, వెనక గుంపు ఊపిరి బిగబట్టి నిలబడటం, అదంతా కలిసి నాకు కొత్తగా కనిపించింది. చెప్పుకోవడానికి మనిషి దొరకలేదని ఒకప్పుడు అన్నం మానేశాను గదా. ఇప్పుడు ఒక లైను మొత్తం దొరికింది.

అందరూ వెళ్ళాక పైడమ్మ చేట తీసుకుని కూర్చుంది. ఎస్టేట్ ఇచ్చే బియ్యం సగం నూకలే. ఆమె వేళ్ళు అలవాటుగా గింజలు ఒక పక్కకు, నూకలు ఒక పక్కకు తోస్తున్నాయి.

“బాబూ” అంది, చేటలోంచి తల ఎత్తకుండానే. “అచ్చింతలకి నూక పనికిరాదు గదా.”

“అవును పెద్దమ్మా.”

“ఇరగని గింజే ఏరి పసుపు కలుపుతాం. ఇరిగింది ఏస్తే దీవెన కాదు.” ఆమె రెండు సీసాలకేసి చూసింది. “ఆ మెరిసేది ఆకుని ఇరగనీదు. అది అచ్చింత. ఈ మాసింది ఆకుని నూక సేసీసింది. ఇది అచ్చింతెలాగవుద్ది? ఇది నూక పురుగు.”

అక్షతం అంటే విరగనిదని చిన్నప్పుడు బడిలో పంతులు చెప్పగా విన్నాను. విని మరిచిపోయాను. ఆ మాటలోనే జవాబు దాగి ఉందని నాకు తోచలేదు. ఆమెకు సంస్కృతం తెలియదు, చేట తెలుసు.

గుమ్మంలోంచి నూకరాజు అందుకున్నాడు. “ఏటమ్మా, దానికి నా పేరెట్టీసినావేటి?”

“పోరా! నీ పేరు నూకాలమ్మ తల్లిది. దీని పేరు సేటలోది” అని కొడుకును కసిరి, నా వైపు తిరిగింది. “ఏటి సెయ్యాలో సెప్పు బాబూ. ఈటికి నూకలు సెల్లిపోనాయి.”

అందరం నవ్వాం. గౌరి కూడా నవ్వింది. పైడమ్మ మాత్రం నవ్వలేదు, చేట పక్కన పెట్టి లేచింది.

చెయ్యవలసింది పెద్ద విద్యేమీ కాదు. ఆకుకూరలు తినే ఇంట్లో విషం మందులు చల్లకూడదు. లెడ్ ఆర్సినేట్ అని ఒక మందు ఉండేది, తోటలకు చల్లే పాషాణం. దాన్ని ఆ పెరట్లోకి రానివ్వనని నేను ముందే అనుకున్నాను. తెల్లవారుజామున మంచు తడికి పురుగులు మొద్దుగా ఉంటాయి, ఎగరలేవు. అప్పుడు చేత్తో ఏరి, కొంచెం కిరసనాయిలు కలిపిన నీళ్ళ డబ్బాలో వెయ్యాలి. ఆకు కింద గుడ్లు కనిపిస్తే నలిపెయ్యాలి. మరీ జల్లెడైన ఆకులు కోసి కాల్చాలి. మెరిసే పురుగును మాత్రం ముట్టకూడదు. దాని గుడ్లు ఉండేది పేను ఉన్న చోట, అది గుర్తు.

పైడమ్మ ఆ పని ఒక్కతే చేసింది. కోడల్ని తోటలోకి అడుగు పెట్టనివ్వలేదు. కొడుకును డబ్బా ముట్టుకోనివ్వలేదు. నేను సాయం చేస్తానంటే, “నువ్వు సెప్పేవోడివి, సేసేదాన్ని నానున్నాను” అంది. కొత్తగా నేర్చుకున్న పని మీద మోజు అనుకున్నాను. ముసలివాళ్ళకు చేతిలో పని పడితే ఎవరికీ ఇవ్వరు గదా అనుకున్నాను.

వంగ మళ్ళీ చిగిర్చింది. కాకర పందిరి కప్పుకుంది. ఆ తరవాత మేనేజరు దొర చెప్పకుండా ఒకనాడు తోట చూడటానికి వచ్చాడట. పైడమ్మ అతని చేతికి లెన్స్ ఇచ్చి, తెలుగులోనే అంతా వివరించిందట. అతను టోపీ తీసి చంకలో పెట్టుకుని, తలూపుతూ నిలబడ్డాడని నూకరాజు చెప్పాడు. నేల తవ్వించే మాట మళ్ళీ రాలేదు. గౌరి పళ్ళెంలోకి రోజూ కూర వచ్చింది. ఆ పిల్ల పెదవులకు రంగు తిరిగిందని డ్రెస్సరు నాతో అన్నాడు.

ఇక నన్ను పట్టుకోవడం ఎవరి తరం? ఏ ఎస్టేట్‌కు వెళ్ళినా ఇదే కథ చెప్పేవాణ్ణి. ఒక్క భూతద్దం, రెండు సీసాలు, సరైన మాట ఒకటి ఉంటే ఎంత పాత భయమైనా తొలగిపోతుందని మీసం మెలేసేవాణ్ణి. మా ఎంటమాలజిస్టు దొర కూడా మెచ్చుకున్నాడు. నూక పురుగు అన్న పేరు ఆ లైన్లలో నిలిచిపోయింది. తమిళులు కూడా ‘నూకా పూచ్చి’ అనడం మొదలుపెట్టారు.

గౌరి ప్రసవించిందని కబురు తెలిసి ఒక ఆదివారం వెళ్ళాను. ఆడపిల్ల. దారి మలుపు తిరక్కముందే ఏడుపు వినిపించింది. ఆ ఏడుపు వింటూ నడవడం ఎంత బాగుందో చెప్పలేను, కాళ్ళు నేలమీద ఆనలేదు.

పైడమ్మ తోటలో ఉంది. గౌరి అరుగు మీద కూర్చుని పిల్లను ఒళ్ళో వేసుకుంది. అన్నాళ్ళలో నాతో ఒక్క మాట మాట్లాడని పిల్ల, ఆ రోజు అత్త ఉన్న వైపు ఒకసారి చూసి, తనే మొదలుపెట్టింది.

“మీకో మాట సెప్పాల బాబూ. అత్త మీకు సెప్పదు.”

“చెప్పమ్మా.”

“ఆ సీసాలు సూసినాక అత్తకి బయం పోనాదనుకున్నారు గదా మీరు?”

“పోయింది గదా. తనే పేరు పెట్టింది.”

గౌరి తల అడ్డంగా ఆడించింది. “సగమే పోనాది బాబూ. మీరు సెప్పింది నిజమే అని బుర్రకి తెలిసింది. గుండెకి తెలీనేదు. తెల్లారగట్ల డబ్బా పట్టుకుని ఎల్తాది గదా, ఒకనాడు నాను తలుపు కాడ నిలబడి ఇన్నాను. పురుగుని డబ్బాలో ఏసే ముందు దాంతో మాటాడతన్నాది. ‘సంపింది నాను. పాపమైతే నాది. ఆ గుంట జోలికెల్లకు, నా మీదకి రా’ అంతన్నాది. పెతీ పురుక్కీ అంతన్నాది. ఒక్కదానికీ సెప్పడం మరిసిపోనేదు. ఆ మర్నాడూ ఇన్నాను, ఆ పై మర్నాడూ ఇన్నాను. పిల్ల పుట్టినదాకా అలగే.”

పిల్ల కదిలింది. గౌరి దాన్ని భుజానికెత్తుకుని వీపు నిమిరింది. “నన్ను, ఆయన్ని ఎందుకు దగ్గరికి రానివ్వనేదో అప్పుడు తెలిసింది” అంది.

ఆ తోటలో పురుగులు ఎలా ఉండేవో నా కళ్ళతో చూశాను. ఆకు ఆకుకూ గుంపులు. అన్నిటితోనూ ఆ మాట! చీకటి విడవని మంచులో, ఆనని కళ్ళతో తడుముకుంటూ, ఒక్కొక్కదాన్ని పట్టుకుని, కీడు తగిలితే తనకే తగలాలని అడుగుతూ. నమ్మకం పోయి చేసిన పని కాదు అది. భయం ఉండగానే చేసింది. నేను గెలిచాననుకున్న వాదంలో గెలుపు నాది కాదు. నేను చేసిందల్లా లెన్స్ అందించడం. ఆ మిగతా సగం దూరం ఆమె ఒక్కతే నడిచింది, తన ప్రాణాన్ని అడ్డం పెట్టుకుని.

ఆ తరవాత ఇరవై ఏళ్ళకు పైగా ఉద్యోగం చేశాను. ఎన్నో పురుగులు చూశాను. కాని ఎవరినైనా ఒప్పించాననిపించిన ప్రతిసారీ నాకు గౌరి మాట గుర్తొచ్చేది. మనం చెప్పింది ఎవరైనా విన్నారంటే, వినడానికి వాళ్ళు లోపల ఏమి చెల్లించారో మనకు తెలియదు. ఆ సంగతి తెలుసుకోకుండా మీసం మెలెయ్యకూడదు. ఈ వృత్తి నాకు నేర్పిన వాటిలో ఇదే పెద్దది.

ఆ ఆదివారం గౌరి దగ్గరనుంచి లేచి, కాలువ దాటి తోటలోకి వెళ్ళాను. పైడమ్మ వంగ మొక్కల మధ్య కూర్చుని, ఆకులు తిప్పి చూసుకుంటోంది. నన్ను చూసి ముఖమంతా నవ్వింది. “పిల్లని సూసినావా బాబూ? గొంతు ఇన్నావా దానిది?” అంది. విన్నానన్నాను. అక్కడే నిలబడిపోయాను.

“ఏటి బాబూ అలగ నిలబడ్డావు? ఇదిగో, ఈ ఆకు కింద గుడ్లెట్టింది. వొంగు” అంది పైడమ్మ.

నేను వంగాను. ఆకు దాకా కాదు, ఆమె పాదాల దాకా.